ఏడు వేల డాలర్ల సినిమాకి ఎన్ని స్టార్లు?

నాకో అలవాటుంది. శుక్రవారం రాత్రి పిల్లవాడు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి, ఎవరూ పేరు వినని హారర్, సైన్స్ ఫిక్షన్ సినిమాలు స్ట్రీమింగ్ సర్వీసుల్లో వెతికి పట్టుకుని చూడటం. ఇందులో తప్పేం లేదు. పది నిమిషాలు చూసి ఆపేసి, ఒక స్టార్ ఇచ్చి, కింద రెండు వాక్యాలు వెటకారంగా రాసి హాయిగా పడుకోవడం మాత్రం ఉంది చూశారూ, అది తప్పని తెలియడానికి నాకు ఏడెనిమిదేళ్ళు పట్టింది.

తెలిసింది ఇలా. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ ఒకడు ఉద్యోగం మానేసి సినిమా తీశాడు. హారర్. మూతబడిన కోళ్ళ ఫారంలో ఒక రాత్రి జరిగే కథ. పీఎఫ్ డబ్బులు, ఇంట్లో బంగారం మీద తెచ్చిన అప్పు, అన్నీ కలిపి పద్నాలుగు లక్షలు. థియేటర్లు దొరకలేదు. చివరికి ఒక స్ట్రీమింగ్ సర్వీసులో పెట్టాడు. లింకు పంపించి "చూసి చెప్పరా" అన్నాడు. ఆ రాత్రే మొదలుపెట్టాను. పదకొండో నిమిషంలో నిద్రొచ్చింది. ఆపేశాను. పొద్దున్నే "సూపర్ రా, కెమెరా వర్క్ కేక" అని మెసేజ్ పెట్టాను.

వాడు థాంక్స్ చెప్పాడు. రెండు నెలల తర్వాత వేరే ఏదో మాట్లాడుతూ చెప్పాడు: సినిమా పెట్టినవాళ్ళకి ఏ దేశంలో ఎన్ని నిమిషాలు చూశారో ఒక పేజీలో కనబడుతుందట. మొదటి రోజు అమెరికా నుంచి చూసింది ఒక్కరే. పదకొండు నిమిషాలు.

వాడేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. ఆ ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక ప్రశ్న పట్టుకుంది. డబ్బుల్లేకుండా తీసిన సినిమాని ఎలా చూడాలి? జాలిపడి బాగుందనడం అబద్ధం. పెద్ద సినిమాతో పోల్చి కొట్టిపారేయడం అన్యాయం. ఈ రెండూ కానిది ఏమైనా ఉందా? నాకు ప్రోగ్రాంలో బగ్ దొరక్కపోతే పాత లాగ్స్ తవ్వడం అలవాటు. ఇక్కడా అదే చేశాను. ఈ చవక సినిమాల చరిత్ర మొదట్నుంచీ చదివాను, దొరికినన్ని చూశాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చింది.

రెండో సినిమా

1930లలో అమెరికాలో ఆర్థిక మాంద్యం. జనం థియేటర్‌కి రావడం తగ్గింది. ఒకే టిక్కెట్టు మీద రెండు సినిమాలు చూపిస్తాం రమ్మన్నారు. మొదటిది స్టార్లున్న పెద్ద సినిమా, రెండోది గంటా పది నిమిషాల చిన్న సినిమా. ఆ రెండోదానికే "బి పిక్చర్" అని పేరొచ్చింది. నాణ్యతలో బి గ్రేడు అన్న అర్థం తర్వాత అంటుకుంది గానీ, మొదట్లో అది కేవలం బిల్లులో దాని స్థానం.

ఇక్కడ గమనించాల్సింది డబ్బు లెక్క. పెద్ద సినిమాకి థియేటర్ వాళ్ళు వసూళ్ళలో వాటా ఇచ్చేవాళ్ళు. చిన్న సినిమాకి స్థిరమైన అద్దె, ఇంత అని ముందే మాట్లాడుకున్నది. అంటే సినిమా ఎంత బాగున్నా పైసా ఎక్కువ రాదు, ఎంత చెత్తగా ఉన్నా పైసా తగ్గదు. లాభం కావాలంటే ఖర్చు తగ్గించడం ఒక్కటే దారి. మోనోగ్రామ్, పీఆర్‌సీ లాంటి చిన్న కంపెనీలు ఇలాగే బతికాయి. హాలీవుడ్‌లో వాటిని ముద్దుగా "పావర్టీ రో" అనేవాళ్ళు. మన భాషలో బీదల వీధి.

ఆ వీధిలోంచి వచ్చిందే ఎడ్గర్ ఉల్మర్ తీసిన "డిటూర్" (1945). 68 నిమిషాలు. న్యూయార్క్ వీధి కట్టే స్తోమత లేదు, అందుకని పొగమంచు నింపేశారు. కొన్ని షాట్లలో నెగెటివ్ తిరగేసి వాడటం వల్ల అమెరికా కారులో డ్రైవరు కుడివైపు కూర్చుని ఉంటాడు. ఇవన్నీ తప్పులే. కానీ ఆ కథ చెప్పేవాడు నమ్మదగినవాడు కాదు. తన నేరాన్ని విధి మీదకి నెట్టేస్తున్న మనిషి. వాడి జ్ఞాపకంలో న్యూయార్క్ అంతా పొగమంచే అంటే నమ్మబుద్ధేస్తుంది. 1992లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో దీన్ని చేర్చారు.

అదే కాలంలో ఆర్కేఓ స్టూడియో వాల్ లూటన్ అనే నిర్మాతకి ఒక చిన్న విభాగం అప్పగించింది. షరతులు మూడు: ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు దాటకూడదు, పేరు స్టూడియోనే పెడుతుంది. అలా ఆయనకి ఇచ్చిన మొదటి పేరు "క్యాట్ పీపుల్". పేరు చూస్తే పిల్లి వేషం వేసుకున్న మనుషులు కనబడాలి. లూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ కలిసి చిరుతని దాదాపుగా నీడల్లోనే ఉంచారు. ఒక అమ్మాయి రాత్రి ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు. ఆగిపోతుంది. మనం ఊపిరి బిగబడతాం. ఒక్కసారిగా బుస్సుమని శబ్దం. బస్సు వచ్చి ఆగింది. అంతే. ఇవాళ్టికీ హారర్ సినిమాల్లో ఇలాంటి ఉత్తుత్తి బెదిరింపుని "లూటన్ బస్" అంటారు. దానికైన ఖర్చల్లా ఒక బస్సు.

ఈ రెండు సినిమాల దగ్గరే నాకు మొదటి సూత్రం దొరికింది. మంచి చవక సినిమా తన లేమిని దాచుకోదు, కథలోకి తెచ్చుకుంటుంది.

ముందు పోస్టరు, తర్వాత కథ

1948లో అమెరికా సుప్రీం కోర్టు పారమౌంట్ కేసులో తీర్పిచ్చింది. స్టూడియోలు తమ సినిమాలన్నిటినీ ఒక మూటగా కట్టి థియేటర్లకి అంటగట్టడం కుదరదంది, థియేటర్లని వదులుకోవలసి వచ్చింది. పాత బి పిక్చర్ల వ్యవస్థకి కాలం చెల్లింది. అదే సమయంలో ఊరి బయట ఖాళీ స్థలాల్లో డ్రైవ్-ఇన్ థియేటర్లు పుట్టుకొచ్చాయి. కుర్రకారు కార్లేసుకుని వచ్చేవాళ్ళు. తెర మీద ఏముందన్నది వాళ్ళకి రెండో విషయం.

ఈ కుర్రాళ్ళ కోసమే సినిమాలు తీసిన కంపెనీ అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్. వీళ్ళ పద్ధతి తమాషాగా ఉండేది. ముందు పేరు పెట్టేవాళ్ళు, పోస్టరు వేయించేవాళ్ళు, అది థియేటర్ వాళ్ళకి నచ్చితే అప్పుడు కథ రాయించేవాళ్ళు. వీళ్ళకి ఎన్నో సినిమాలు తీసిచ్చినవాడు రోజర్ కోర్మన్. 2024లో, 98వ ఏట పోయాడు. కోర్మన్ ఇంజనీరింగ్ చదివాడని తెలిసినప్పుడు నాకు కాస్త గర్వంగా అనిపించింది. "ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్" (1960) ప్రధాన చిత్రీకరణని, వేరే సినిమాకి వేసిన సెట్ కూల్చే లోపు, రెండు రోజుల్లో ముగించాడు.

కోర్మన్ దగ్గర ఏదీ వృథా పోయేది కాదు. ముసలివాడైన బోరిస్ కార్లాఫ్ ఇంకో రెండు రోజుల పని బాకీ ఉన్నాడు. కోర్మన్ పీటర్ బొగ్డనోవిచ్ అనే కుర్ర విమర్శకుణ్ణి పిలిచి, ఆ రెండు రోజులూ వాడుకో, నా పాత సినిమాలోంచి కొన్ని ముక్కలు వాడుకో, మిగతాది నీ ఇష్టం అన్నాడు. అలా పుట్టింది "టార్గెట్స్" (1968). ఒక వృద్ధ హారర్ నటుడు, కారణం లేకుండా మనుషుల్ని కాల్చే ఒక మామూలు కుర్రాడు. పతాక సన్నివేశం డ్రైవ్-ఇన్‌లో, తెర వెనక నుంచి తుపాకీ. కార్లాఫ్ పాత బూచిగానే తెర మీద ఉంటాడు. అసలు భయం తెర వెనక ఉంటుంది. రెండు రోజుల బాకీ లోంచి ఈ ఆలోచన వచ్చిందంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

అదే 1968లో పిట్స్‌బర్గ్‌లో ప్రకటనలు తీసుకునే జార్జ్ రొమేరో బృందం దాదాపు 1,14,000 డాలర్లతో "నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్" తీసింది. ఒక ఇల్లు, బయట లేచొచ్చిన శవాలు. నాయకుడిగా డ్యువేన్ జోన్స్ అనే నల్లజాతి నటుడు. పాత్ర రంగు గురించి సినిమాలో ఒక్క మాటా ఉండదు, ముగింపు చూశాక మాత్రం ఆ మౌనం ఎంత బరువైనదో తెలుస్తుంది. విడుదలకి ముందు పేరు మార్చినప్పుడు, టైటిల్ కార్డుతో పాటు కాపీరైట్ ప్రకటన కూడా ఎగిరిపోయింది. అప్పటి చట్టం ప్రకారం ప్రకటన లేకపోతే హక్కు లేదు. జాంబీ సినిమాలన్నిటికీ తల్లిలాంటి సినిమా మీద, తీసినవాళ్ళకి రావలసిన డబ్బు చాలావరకు రాలేదు.

స్ట్రీమింగ్‌లో సినిమాలు చూసేవాళ్ళకి దీంట్లో ఒక హెచ్చరిక ఉంది. హక్కుదారు లేడు కనక ఎవరైనా ఈ సినిమాని అప్‌లోడ్ చేయొచ్చు. మసకబారిన ప్రింట్లు, అంచులు తెగిపోయినవి, ఎన్నో తిరుగుతున్నాయి. నేను మొదట చూసింది అలాంటిదే. ఫొటోగ్రఫీ దరిద్రంగా ఉందని రాశాను కూడా. తర్వాత అసలు నెగెటివ్ నుంచి పునరుద్ధరించిన కాపీ చూశాను. నలుపు తెలుపుల్లో అంత శుభ్రమైన పని! నేను తిట్టింది రొమేరోని కాదు, ఎవడో చేసిన కాపీకి కాపీని. అందుకని రెండో సూత్రం: తీర్పు చెప్పే ముందు, చూస్తున్నది సినిమానా దాని జెరాక్సా అని కనుక్కోవాలి.

అమ్మమ్మకి తీగ కనబడేది

ఇదంతా అమెరికా గొడవే అనుకోకండి. మనకి బి. విఠలాచార్య (1920-1999) ఉన్నాడు. టూరింగ్ టాకీస్ నడిపి, జనం దేనికి ఈల వేస్తారో దగ్గర్నుంచి చూసి, తర్వాత సినిమాలు తీసిన మనిషి. పెద్ద కంపెనీలు జానపదాలకి భారీ సెట్లు వేసే రోజుల్లో ఆయన తక్కువ ఖర్చుతో, త్వరగా తీసేవాడు. డేట్లు ఇవ్వని నటుణ్ణి కథలో చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ కొనసాగించేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, లేమిని కథలోకి తెచ్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆయన సినిమాల్లో మనిషి మేక కావడంలో వింతేముంది?

"జగన్మోహిని" (1978) కేబుల్ టీవీలో వచ్చినప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని చూశాను. దెయ్యం కట్టెలకి బదులు తన కాళ్ళు పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. నేను అప్పటికే హాలీవుడ్ డైనోసార్లని చూసిన కుర్రాణ్ణి. గాల్లో ఏదో ఎగురుతుంటే "అమ్మమ్మా, తీగ కనబడుతోంది" అని నవ్వాను. ఆవిడ తల తిప్పకుండా "నాకూ కనబడుతోందిలే, ముందేమవుద్దో చూడు" అంది.

ఈ మాటని నేను చాలా ఏళ్ళు అమాయకత్వం అనుకున్నాను. కాదు. ఆవిడకి తీగ కనబడింది, దాని విలువ ఎంతో అంచనా కట్టింది, పక్కన పెట్టింది. నేను తీగ దగ్గరే ఆగిపోయాను. మా ఇద్దరిలో విమర్శకురాలు ఆవిడే.

గరాజ్, పడగ్గది

వీడియో క్యాసెట్ల కాలంలో చవక సినిమాకి మంచి రోజులొచ్చాయి. షాపువాడు క్యాసెట్ కొనుక్కునేవాడు. కొన్నాక జనం అద్దెకి తీసుకున్నా లేకపోయినా, సగంలో ఆపేసినా, నిర్మాతకి డబ్బు ముట్టేసింది. రాబర్ట్ రోడ్రిగెజ్ "ఎల్ మరియాచి" (1992) తీసింది స్పానిష్ వీడియో మార్కెట్లో అమ్ముకుందామనే. బడ్జెట్ 7,000 డాలర్లు. అందులో కొంత మందుల ప్రయోగాలకి తన ఒంటిని అప్పజెప్పి సంపాదించాడు. అనుకోకుండా కొలంబియా స్టూడియో కొని థియేటర్లలో వేసింది.

ఈ 7,000 అన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మనం థియేటర్లో చూసిన రూపం తయారవడానికి స్టూడియో అంతకి ఎన్నో రెట్లు ఖర్చుపెట్టింది. ముందు పెట్టిన 7,000లో కూడా నటుల జీతాల్లేవు, దర్శకుడి జీతం లేదు, అడిగి తెచ్చుకున్న వస్తువుల అద్దె లేదు. తక్కువ బడ్జెట్ అంటే తక్కువ ఖర్చు అని కాదు. ఆ ఖర్చు ఇంకెవరో భరించారని. స్నేహితులు, ఇంట్లోవాళ్ళు, తన ఆరోగ్యం. నా మిత్రుడి పద్నాలుగు లక్షల్లో కూడా వాడి రెండేళ్ళ జీతం లేదు.

2004లో మరో 7,000 డాలర్ల సినిమా సన్‌డాన్స్‌లో పెద్ద బహుమతి గెలిచింది. "ప్రైమర్". తీసిన షేన్ కరూత్ లెక్కల డిగ్రీ చదివి సాఫ్ట్‌వేర్ పని చేసినవాడు. రాయడం, తీయడం, నటించడం, కూర్చడం, సంగీతం అన్నీ తనే. తీసింది ఇక్కడే, డల్లాస్ చుట్టుపక్కల. మన తెలుగువాళ్ళం వేలల్లో ఉంటున్న శివార్ల లాంటివే ఆ వీధులు. పగలు ఉద్యోగం, సాయంత్రం గరాజ్‌లో సర్క్యూట్ బోర్డులతో కుస్తీ పట్టే ఇద్దరు ఇంజనీర్లు పొరపాటున కాలయంత్రం కనిపెడతారు. దానికి కావలసిన లోహం కోసం కారు కింద క్యాటలిటిక్ కన్వర్టర్ విప్పుతారు, రాగి గొట్టాల కోసం ఫ్రిజ్ మీద పడతారు. సినిమా కూడా అచ్చం అలాగే తయారైంది, ఉన్నవి విప్పి లేనివి చేసుకుంటూ. వాళ్ళు మాట్లాడేది సగం అర్థం కాదు. ఒకరి మాట మీద ఒకరు పడిపోతారు. మొదటిసారి చిరాకేసింది. రెండోసారి అనిపించింది, మా స్టాండప్ మీటింగు బయటివాళ్ళకి ఇలాగే వినబడుతుంది కదా!

మూడేళ్ళకి ఇంకో ప్రోగ్రామర్. ఓరెన్ పెలి శాన్ డియేగోలో తన సొంత ఇంట్లో, ఏడు రోజుల్లో, సుమారు 15,000 డాలర్లతో "పారానార్మల్ యాక్టివిటీ" తీశాడు. పడగ్గదిలో స్టాండు మీద కదలని కెమెరా. పక్కన గడియారం అంకెలు. కెమెరా కదలదు కనక మన కళ్ళు కదులుతాయి, తలుపు దగ్గరా గోడ మీదా వెతుకుతుంటాయి. 2009లో పూర్తిస్థాయిలో విడుదలై ప్రపంచమంతా కలిపి 19 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసింది.

జేమ్స్ వార్డ్ బిర్కిట్ "కోహెరెన్స్" (2013) కూడా సొంత ఇంట్లోనే, ఐదు రాత్రుల్లో, 50,000 డాలర్లతో తీసింది. తోకచుక్క వచ్చింది, కరెంటు పోయింది. కరెంటు పోతే లైట్ల ఖర్చు లేదు. వీధిలో వెలుగుతున్న ఇంకొక ఇంటికి వెళితే అదీ అచ్చం తమ ఇల్లే, లోపల ఉన్నదీ తామే. ఇంకో ఇల్లు కట్టాల్సిన ఖర్చూ లేదు. ఉన్నది ఒకే ఇల్లు అన్న నిజమే ఆ కథలో భయం. ఇలాంటివి చూసినప్పుడు, తక్కువ మెమరీలో నడిచే చక్కటి ప్రోగ్రాం చదివినంత సంతోషంగా ఉంటుంది.

అయితే ఇక్కడ నాలాంటివాళ్ళు పడే గుంట ఒకటుంది. నేను చెప్తున్నవన్నీ బతికి బట్టకట్టిన సినిమాలు. ఇవే ఏడు వేలతో, ఇంతే పట్టుదలతో తీసి మాయమైపోయినవి ఎన్ని వందల రెట్లో! ఈ పేర్లు చూసి "డబ్బు అవసరం లేదు, ఆలోచన చాలు" అనేయడం, లాటరీ తగిలినవాణ్ణి చూసి ఆర్థిక సూత్రం రాయడమే.

నిమిషాల లెక్క

2016లో అమెజాన్ ఎవరైనా తమ వీడియోలు ప్రైమ్‌లో పెట్టుకునే వీలు కల్పించింది. అమెరికాలో చూసిన ప్రతి గంటకి 15 సెంట్లు ఇస్తామంది. లెక్క వేద్దాం. గంటన్నర సినిమా ఒకరు పూర్తిగా చూస్తే 22.5 సెంట్లు. 7,000 డాలర్లు వెనక్కి రావాలంటే 31,000 మందికి పైగా చివరిదాకా చూడాలి. నాలాగా పది నిమిషాలు చూసి ఆపేస్తే వచ్చేది రెండున్నర సెంట్లు. అప్పుడు కావలసింది 2,80,000 మంది. పైగా కొన్నేళ్ళకి ఆ తలుపు కూడా ఇరుకైంది. 2021లో, అడగకుండా పంపే డాక్యుమెంటరీలూ లఘుచిత్రాలూ ఇక తీసుకోమన్నారు.

చరిత్రలో ఇది కొత్త సంగతి. బి పిక్చర్‌కి స్థిర అద్దె. డ్రైవ్-ఇన్‌లో గేటు దగ్గరే టిక్కెట్టు. క్యాసెట్‌కి ముందే డబ్బు. ప్రేక్షకుడు మధ్యలో లేచిపోతే తీసినవాడి కూలీ కోతపడే పద్ధతి అంతకు ముందెప్పుడూ లేదు. దాని ఫలితం తెర మీద కనబడుతూనే ఉంది. కథ మొదలు కాకముందే ఒక హత్య, ఆపైన "మూడు రోజుల ముందు" అని అక్షరాలు. మేమందరం వెక్కిరించే ఆ మొదటి సీను, నిజానికి మమ్మల్ని పట్టుకుని వేళ్ళాడుతున్న చెయ్యి.

ఇక రేటింగుల సంగతి. 2006లో నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ పెట్టింది. ప్రేక్షకులు ఇచ్చే స్టార్లని తమ ప్రోగ్రాం కన్నా 10 శాతం మెరుగ్గా ఊహించినవాళ్ళకి పది లక్షల డాలర్లు. 2009లో ఒక బృందం గెలిచింది. ఆ గెలిచిన పద్ధతిని పూర్తిగా వాడుకోవడం ఆ శ్రమకి తగ్గది కాదని కంపెనీయే తర్వాత చెప్పింది. 2017లో స్టార్లని తీసేసి బొటనవేలు పెట్టింది. ఆ పోటీలో అందరికీ కొరకరాని కొయ్యగా మిగిలినవాటిలో "నెపోలియన్ డైనమైట్" ఒకటి. అదీ చవకగా తీసిన ఒక వింత హాస్య చిత్రమే. కొందరు ఐదు, కొందరు ఒకటి, మధ్యలో ఎవరూ లేరు.

వంద మంది పదికి ఐదు ఇచ్చినా సగటు ఐదే. యాభై మంది తొమ్మిది, యాభై మంది ఒకటి ఇచ్చినా సగటు ఐదే. మొదటిది ఎవరికీ గుర్తుండని సినిమా, రెండోది యాభై మందికి ప్రాణమైన సినిమా. సగటు ఈ రెంటినీ ఒకే వరసలో నిలబెడుతుంది. చవక జానర్ సినిమాలు ఎక్కువగా రెండో రకం. ఇప్పుడు నేను సగటు చూడటం మానేశాను. ఆ అంకె వెనక ఓట్లు ఎలా చీలాయో చూస్తాను. రెండు చివర్లా గుంపులుంటే, ఆ సినిమాకి ఒక రాత్రి ఇస్తాను.

అలా అని స్ట్రీమింగ్ అంతా నష్టమేనని అనలేను. 2020 లాక్‌డౌన్‌లో రాబ్ సావేజ్ బృందం ఎవరిళ్ళలో వాళ్ళు ఉండి, జూమ్ కాల్ మీద "హోస్ట్" తీసింది. అనుకున్నప్పటి నుంచి విడుదలకి పన్నెండు వారాలు. గంట లోపు నిడివి. ఏ థియేటరూ తీసుకోని ఆ నిడివిని షడర్ అనే హారర్ స్ట్రీమింగ్ సర్వీసు తీసుకుంది. మన దగ్గర "మా ఊరి పొలిమేర" 2021లో నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. చేతబడి కథ, పెద్ద స్టార్లు లేరు. ఒకరి నుంచి ఒకరికి పాకి, 2023లో రెండో భాగం థియేటర్లలోకి వచ్చింది. మరోటి, ఆండ్రూ ప్యాటర్సన్ తన సొంత డబ్బుతో తీసిన "ది వాస్ట్ ఆఫ్ నైట్". ఒక టెలిఫోన్ ఆపరేటర్ అమ్మాయి, ఒక రేడియో కుర్రాడు, ఆకాశంలోంచి ఏదో శబ్దం. కాసేపు తెర పూర్తిగా నల్లబడిపోతుంది, మాట మాత్రమే వినబడుతుంది. 2020లో ప్రైమ్‌లో రావడానికి ముందు దాన్ని డ్రైవ్-ఇన్‌లలో వేశారు. థియేటర్లు మూతబడ్డాయి కదా. అరవై ఏళ్ళ తర్వాత చవక సినిమా తిరిగి అదే మైదానంలోకి వచ్చింది.

రెండు కాలమ్‌లు

ఇప్పుడు ఇలాంటి సినిమా చూసేటప్పుడు నోట్‌బుక్‌లో రెండు కాలమ్‌లు గీస్తాను. ఎడమవైపు డబ్బుతో కొనగలిగేవి: జనసమూహాలు, సెట్లు, గ్రాఫిక్స్, పేరున్న మొహాలు. కుడివైపు డబ్బుతో రానివి: సీను ఎక్కడ ఆపాలో తెలియడం, ఏది చూపించకూడదో తెలియడం, పాత్రకి ఒక కోరిక ఉండటం, ముగింపు మొదటి సీనుకి జవాబు చెప్పడం. ఎడమవైపు తప్పులకి మార్కులు తగ్గించను. కుడివైపు తప్పులకి ఎవరి సినిమా అయినా వదలను. శబ్దం మాత్రం రెంటికీ మధ్య గీత మీద పడుతుంది. మసక బొమ్మని కన్ను సర్దుకుంటుంది గానీ, వినబడని మాటని చెవి సర్దుకోదు.

ఇది జాలి కాదని నా నమ్మకం. లెక్కకి మించి ఖర్చుపెట్టి తీసిన పెద్ద సినిమాలు కూడా కుడి కాలమ్‌లో సున్నా తెచ్చుకోవచ్చు. తెచ్చుకుంటున్నాయి కూడా.

ఇదంతా అయ్యాక, ఒక శనివారం పొద్దున్నే, నిద్ర లేని కళ్ళతో కాకుండా, నా మిత్రుడి సినిమా మొదటి నుంచి పెట్టాను. 96 నిమిషాలు. నిజం చెప్పాలంటే అది మంచి సినిమా కాదు. హీరో ఆ ఫారంలోకి ఎందుకు వెళ్ళాడో చివరిదాకా తెలియదు. చెల్లెలి పాత్ర ఏడవడానికి తప్ప దేనికీ లేదు. ఇవి డబ్బుతో పని లేని తప్పులు. కానీ 48వ నిమిషంలో ఒక షాట్ ఉంది. ఖాళీ కోళ్ళ ఫారం పొడుగునా బల్బులు. వాడు నడుస్తుంటే అన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. చీకట్లో దాదాపు నిమిషం పాటు కెమెరా ఆగదు. వాడి ఊపిరి, కాళ్ళ కింద ఎండిన ఊక చప్పుడు, అంతే. నేను పగటిపూట, డల్లాస్ ఎండలో కూర్చుని భయపడ్డాను.

రెండు పేజీలు రాసి వాడికి పంపించాను. కుడి కాలమ్‌లో ఉన్నవన్నీ మెత్తబరచకుండా రాశాను. మొదటిసారి పదకొండు నిమిషాలే చూశాననీ, కెమెరా వర్క్ గురించి అబద్ధం చెప్పాననీ రాశాను. 48వ నిమిషం గురించి అర పేజీ రాశాను.

నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది. తిట్టలేదు. హీరో సంగతి ఒప్పుకున్నాడు, చెల్లెలి సంగతి ఒప్పుకోలేదు. చివర్లో రాశాడు: "ఆ లైట్లు మేం ఆర్పలేదురా. జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది. కట్ చెప్పబోయి ఆగాను."

జనరేటర్ ఆగడం వాడి గొప్ప కాదు. కట్ చెప్పకపోవడం వాడి గొప్పే. దాన్ని కుడి కాలమ్‌లో రాసుకున్నాను.